కప్పు బదులు కాటా

“అక్క లేకపోతే ఈ బేకరీ మూసుకోవడమే. ఆ చేతిలో ఏం మహత్యం ఉందో గానీ!” అంటూ తమ్ముడు వంటగదిలోకి వచ్చి కేకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

కూతురి దగ్గరికి నాలుగు రోజులు వెళ్లొస్తానని అక్క అడిగినప్పుడల్లా అతనిది ఇదే పాట. పొగిడి పొగిడి ఆవిడను ఓవెన్‌కి కట్టేశాడు.

“అది వదిన చేసింది కాదండీ, నేను చేశాను,” అంది అతని భార్య మెల్లగా.

తమ్ముడు నమలడం ఆపేశాడు.

“వదిన కప్పుతో కొలిచే మైదా, చక్కెర, వెన్న అన్నీ కాటా మీద పెట్టి గ్రాముల్లోకి మార్చుకున్నాం. అలా తూచి వేస్తే ఎవరు చేసినా ఇదే రుచి వస్తుంది. ఇకనైనా ఆవిణ్ణి వెళ్లనివ్వండి.”

అక్క ఏప్రన్ ముడి విప్పుకుంది.

“భేష్! అయితే రేపట్నుంచి నువ్వే చెయ్యి. నీ చేతిలోనూ మహత్యం ఉందన్నమాట!” అన్నాడు తమ్ముడు హుషారుగా.

మరదలి మొహం వాడిపోయింది. ఇన్నేళ్లుగా అద్దంలో తనకు కనిపిస్తున్న మొహం అదేనని అక్కకు అర్థమైంది.

ఆవిడ ఏప్రన్ తీసి తమ్ముడి మెడలో వేసింది.

“ఎవరు చేసినా ఒకటే రుచి అంటోందిగా. చేతులు కడుక్కుని రారా. ముందు మైదా తూచు.”