ఎత్తు దాకా తొయ్యి, మావయ్యా!

ఇదిగో, బండి తుడిచి మీసం తిప్పే పెద్దమనిషీ, నీకే చెబుతున్నా. కాస్త ఇటు జరిగి విను.

మోటారుసైకిలు మీద మూడొందల కిలోమీటర్ల ప్రయాణం. బండి నడుపుతానని మేనకోడలు అడిగిన ప్రతిసారీ మావయ్యది ఒకటే మాట: "దారిలో ఆగితే బాగుచేయడం వచ్చా నీకు?"

బంకులో పెట్రోలు పోయించుకున్నాక ఆయనే గుట్టుగా బండి ట్యాంకు కింది పెట్రోలు ట్యాపు కట్టేశాడు. కిలోమీటరు దాటగానే బండి దగ్గి దగ్గి రోడ్డు పక్కన ఆగిపోయింది.

"బాగుచెయ్యవే, మెకానిక్కమ్మా! చేశావంటే ఇంటిదాకా నువ్వే నడుపు." ఆయనకు లోపల నవ్వాగడం లేదు.

ఆమె పానాతో ప్లగ్గు ఊడదీసి, ఊది, బిగించింది. "లాభం లేదు మావయ్యా. నువ్వు తోసి ఈ ఎత్తు ఎక్కిస్తే అటుపక్క పల్లంలో అదే స్టార్టవుతుంది," అంటూ సీటెక్కి కూర్చుంది.

ట్యాపు సంగతి చెబితే పందెం పోతుంది. మావయ్య తోశాడు. చొక్కా తడిసింది, చెప్పు తెగింది, ఎత్తు మాత్రం తరగలేదు.

పైకి చేరగానే ఆమె వంగి ట్యాపు తిప్పి, ఒక్క కిక్కు కొట్టింది. బండి బుర్రుమంది.

"ఓసి నీ! ఎప్పుడు తెలిసిందే?"

"నువ్వు కట్టేస్తున్నప్పుడే. పక్క బండి అద్దంలో చూశా."

"మరి నన్నెందుకు తోయించావే, రాక్షసీ?"

"ఒక్క మాట చెబితే అక్కడే ఆపేదాన్ని. నువ్వేమో తోస్తూనే ఉన్నావు!"

మావయ్య తెగిన చెప్పు చంకన పెట్టుకుని వెనకెక్కాడు. "ఎవరితోనూ అనకే."

"నేనెందుకంటాను? తెగిన చెప్పు చూసి అడిగితే ఊరంతా నువ్వే చెప్పుకుంటావుగా!"