పదింటి పేషెంటు

"ముందు మీ చెంప మీద మచ్చ పోగొట్టుకోండి, తర్వాత నా మొటిమల గుంటల సంగతి చెబుదురుగాని!"

చర్మం ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఒకావిడ మొహమ్మీదే అనేసి విసవిసా వెళ్ళిపోయింది.

కౌంటరక్కకి మనసు చివుక్కుమంది. కౌంటర్‌లో కూర్చునే ఆమెను ఆసుపత్రిలో అందరూ పిలిచే పేరు అదే. కాలిన మచ్చ కనబడకూడదని, ఎడమ చెంప గోడవైపు ఉండేలా కుర్చీ వేసుకుంది. పోగొట్టుకోవాలని ఆశ లేక కాదు. డాక్టరమ్మ మూడేళ్ళుగా "రా, చేసేస్తాను" అంటూనే ఉంది. కత్తి మాటెత్తితే చాలు, ఈవిడ భయపడి ఏదో పని కల్పించుకుని జారుకుంటుంది. వచ్చినవాళ్ళకి మాత్రం పొద్దస్తమానం ధైర్యం నూరిపోస్తుంది!

ఇంతలో ఆసుపత్రి ఫోన్‌కి కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది.

"కాలిన మచ్చకి ఆపరేషన్ చేస్తే నొప్పి ఉంటుందా?"

"సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. ఆ చోటికి మత్తు ఎక్కాక ఏమీ తెలీదు" అని టైపు చేసింది కౌంటరక్క.

"పూర్తిగా పోతుందా?"

"పోదు. సన్నగా గీత మిగులుతుంది. అబద్ధం చెప్పి రప్పించుకోవడం నాకు చేతకాదు."

"నలభై ఆరేళ్ళొచ్చాయి. ఈ వయసులో సోకులేమిటని నవ్వరూ?"

నా ఈడుదే పాపం, అనుకుంది కౌంటరక్క. "నవ్వితే నవ్వనీండి. రోజూ అద్దంలో చూసుకునేది వాళ్ళా, మీరా?"

"భయంగా ఉంది."

ఆ ఒక్క మాటకి ఆమె గుండె నీరైపోయింది. ఆ భయం ఎలాంటిదో ఆమెకు తెలియనిదా! "రేపు పదింటికి రండి. పక్కనే ఉంటాను. కుట్లు వేసేదాకా మీ చెయ్యి వదిలితే ఒట్టు" అని పెట్టింది.

"తప్పకుండా వస్తాను."

మర్నాడు పదయ్యేసరికి కౌంటరక్క గుమ్మంలోనే కాపు కాసింది. వచ్చింది మాత్రం ఆమె కూతురు, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ.

"నువ్వెందుకొచ్చావే? పక్కకి జరుగు, నా పేషెంటొచ్చే వేళయింది. అసలే పిరికిది, నేను కనబడకపోతే పారిపోతుంది."

"ఎక్కడికీ పారిపోదులే" అంటూ కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కుట్లు వేసేదాకా వదిలితే ఒట్టు. పదమ్మా, డాక్టరమ్మ నీకోసమే చూస్తోంది!"