అవ్వల ఒత్తు

గనుల నుంచి ఎగిరొచ్చి కీబోర్డు మీద పడ్డ బొగ్గుపొడిని రజిత తడిగుడ్డతో తుడుస్తోంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు కొలువు చేస్తూ సెలవుకు ఇంటికొచ్చిన అన్న తిరుపతి స్క్రీను చూసి నవ్వాడు.

"నీ ప్యాచ్ మళ్ల తిప్పి పంపిండ్రా?"

"పంపిండ్రు. పాత వెర్షన్‌ను ఇగ పట్టించుకోరట."

తెలుగు అక్షరాలు చూపించే ఒక ఉచిత సాఫ్ట్‌వేరులో ఒత్తులు ఊడిపోయే తప్పును, దాన్ని తయారుచేసే ప్రాజెక్టు వాళ్లు కొత్త వెర్షన్‌లో సరిచేశారు. అదే మరమ్మతును పాతదానికీ అతికేలా రజిత మార్చి రాసిందే ఈ ప్యాచ్.

"కొత్తది వాడుకోరాదు?"

"అవ్వ చదువుకోను పోయే రాత్రిబడి పాత కంప్యూటర్ల మీద కొత్తది ఎక్కదన్నా."

"ఒక్క ఒత్తు ఊడితే కొంపలు మునుగుతయా?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న తల్లి కనకవ్వ చేట ఆపింది.

"మా బడిల అందరం అవ్వలమే బిడ్డా. మల్లవ్వ, రాజవ్వ, పోశవ్వ. పలక మీద 'వ' కింద ఒత్తు మంచిగనే పెట్టిన. కంప్యూటర్ల చూస్తే అది పక్కకు పడ్డది. నేనే తప్పు నేర్చుకున్ననని పలక తుడిచి గట్లనే దిద్దుతున్న."

రజితకూ ఈ మాట కొత్తే. తల్లి మాటలనే ఇంగ్లీషులో రాసి, ప్యాచ్‌ను మళ్లీ పంపింది.

"మళ్ల తిప్పుతరు," అన్నాడు తిరుపతి మెల్లగా.

"తిప్పనీ. ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు పంపుత. వాళ్లు ఒప్పుకునేదాంక చూసుకుంట కూసోను, బడిల ఇయ్యాల్నే నేనే ఎక్కిస్త."

ప్యాచ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పట్టుకుని లేచింది. తిరుపతి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. చెప్పులు వేసుకుని, తనే రాత్రిబడి దారి పట్టాడు.