మురిషోర ప్రయాణికుడు

మురిషోర స్టేషన్‌లో ఆ ముసలాయన మళ్ళీ టికెట్టు కొన్నాడు.

జున్ను బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న జంఫీరా పకపకా నవ్వింది.

మా రుమేనియా పల్లెల్లో టికెట్టు కొనేవాళ్ళెవరు? రైలెక్కాక కండక్టరు చేతిలో సగం డబ్బులు పెడితే సరి. ఆయన్ని ముద్దుగా ‘నాషు’ అంటాం, అంటే బాప్తిస్మమప్పుడు బిడ్డకు అండగా నిలిచే జ్ఞానతండ్రి. పట్నం సంతకు పోయే అరవైమందీ ఆ తండ్రి బిడ్డలే.

ముసలాయన పేరు ఒక్తావ్. నిరుడు ఎక్కణ్ణించో వచ్చి ఊరి చివర గది అద్దెకు తీసుకున్నాడు. రోజూ పట్నానికి టికెట్టు కొంటాడు, తర్వాతి స్టేషన్‌లోనే దిగి నడిచి వెనక్కి వస్తాడు. పిచ్చాడన్నారు కొందరు. గవర్నమెంటు మనిషన్నారు ఇంకొందరు.

ఆ రోజు రైల్లో ఆయన జంఫీరా పక్కన కూర్చున్నాడు.

"ఒక్కరోజు నువ్వూ టికెట్టు కొనమ్మా."

"ఎందుకు కొనాలి తాతా? గవర్నమెంటు నాకేం పెట్టింది గనక?"

"రైలు పెట్టింది కదమ్మా."

"ఈ డొక్కునా? అంత ప్రేమైతే నాదీ నువ్వే కొను."

పెట్టెంతా గొల్లున నవ్వింది. ఆయన ఇంకేదో చెప్పబోయాడు గానీ ఎవరూ చెప్పనివ్వలేదు.

మర్నాడు ఆయన రెండు టికెట్లు కొని, ఒకటి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని అందరికీ చూపించి కిటికీలోంచి పారేసింది. అయినా ఆయన రోజూ రెండేసి కొంటూనే ఉన్నాడు.

జనవరిలో ఆయన పోయాడు. పాతిపెట్టిన రోజూ అందరూ సంతకే పోయారు. సమాధి దగ్గరికి రైల్లో తోటివాళ్ళెవరూ వెళ్ళలేదు.

ఏప్రిల్లో స్టేషన్ గోడకు కాగితం అంటించారు. వచ్చే నెల నుంచి అక్కడ రైలు ఆగదట.

బస్సు లేని ఊరు. సంతకు పోకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. జంఫీరా అందర్నీ వెంటేసుకుని టికెట్ల గుమాస్తా తనాసె మీద పడింది. రోజూ అరవైమంది ఎక్కుతుంటే ఎలా తీసేస్తారని నిలదీసింది.

"ఎక్కేది అరవైమంది. తెగే టికెట్లు రెండు. జనవరి నుంచి ఆ రెండూ లేవు. మనుషుల్లేని చోట గవర్నమెంటు రైలెందుకు ఆపుతుంది జంఫీరా?"

ఆ రెండో టికెట్టు ఎవరిదో ఆమెకు తెలుసు. తల కొట్టేసినట్టయింది.

అంత డబ్బు ఆయనకెక్కడిదని గొణిగింది.

"పెన్షను," అన్నాడు తనాసె. "నలభై ఏళ్ళు రైలింజను నడిపాడు. ఈ ఊళ్ళో టికెట్టు కొనకుండా రైలెక్కే జీవితకాలపు పాసున్నది ఆయనొక్కడికే."