మూడో మేకు

“దీనికి నొప్పీ లేదు గిప్పీ లేదమ్మా. ఒట్టి బద్ధకం,” అన్నాడు లాడాల మేస్త్రి, సంచి ఇంకా భుజాన్నుంచి దించకుండానే.

“ముందు లోపలికొచ్చి దాని మొహం చూడండి,” అంది పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే టీచరమ్మ.

ఆడగుర్రం గోడవైపు తిరిగి నిలబడి ఉంది. చెవులు వెనక్కి వాలిపోయాయి. కంటిపైన చర్మం ముడతలు పడింది, ముక్కుపుటాలు బిగుసుకున్నాయి. ముందు ఎడమకాలు చాపి, బరువంతా మిగతా మూడు కాళ్ళమీద మోపింది. మేస్త్రి, అతని అల్లుడు కలిసి దానికి కొత్త లాడాలు కొట్టింది నిన్ననే.

“రాత్రి నుంచీ మేత ముట్టలేదు. నోరు లేనిది, ఇలాగే కదా చెప్పుకుంటుంది,” అందామె. “నాకు పన్నెండు గుర్రాలున్నాయి మేస్త్రిగారూ. ఇదేంటో తేల్చకపోతే ఇంకొకర్ని చూసుకోవాల్సొస్తుంది.”

పన్నెండు గుర్రాల పని చేజారితే ఎలా అనుకున్నాడు మేస్త్రి. పైకి మాత్రం మీసం సవరించుకుని, కాలెత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. గిట్ట వేడిగా తగిలింది. పట్టకారుతో ఒక్కో మేకు దగ్గరా మెల్లగా నొక్కాడు. మొదటిదానికి గుర్రం కదల్లేదు. రెండోదానికీ కదల్లేదు. మూడోదాని దగ్గర కాలు ఒక్క విసురున లాక్కుంది. మేస్త్రి వెళ్ళి గడ్డిలో కూలబడ్డాడు.

“బద్ధకమేనంటారా?” అడిగిందామె.

అతను లేచి, ఆ మేకు ఊడబీకాడు. మొన తడిగా, నల్లగా ఉంది. పక్కకి పోయి లోపలి పచ్చి కండలో దిగింది. ముందుకాళ్ళు రెండింటికీ లాడాలు కొట్టింది తనే. అల్లుడు వెనక కాళ్ళే చూశాడు. ఈమధ్య మేకు తల రెండుగా కనిపిస్తోంది తనకి. కళ్ళజోడు పెడితే ముసలాడైపోయాడంటారని జేబులోనే దాస్తున్నాడు.

గోరువెచ్చని ఉప్పునీళ్ళ బకెట్లో గుర్రం కాలు పెట్టించాడు. డాక్టరుగారి చేత ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించమన్నాడు. కాసేపటికి దాని చెవులు మెత్తబడ్డాయి. తల దించి, పెదాలు చప్పరించి, పెద్దగా నిట్టూర్చింది.

“క్షమించు తల్లీ,” అన్నాడు మేస్త్రి, దానికి మాత్రమే వినబడేలా. టీచరమ్మవైపు తిరిగేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“మా అల్లుడి పనమ్మా ఇది. చెయ్యి ఇంకా కుదరలేదు. ఇంటికెళ్ళి నాలుగు చీవాట్లు పెడతాను.”

అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు. గుర్రం మొహం కూడా చూడలేకపోయాడు. అనేసిన మాట మింగలేక, తుడిచిన పట్టకారునే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు.

“చీవాట్లెందుకులెండి,” అంది టీచరమ్మ. “పొద్దున నేను ఫోన్ చేస్తే ఎత్తింది అతనే. ఏ కాలో అడిగి, దానికి లాడం కొట్టింది తనేనని వెంటనే ఒప్పుకున్నాడు.”

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“ఇంకోమాట కూడా చెప్పాడు,” అందామె, బకెట్లో ఇంకాస్త వేడినీళ్ళు కలుపుతూ. “‘మా మామయ్యగారు నామీద మాట పడనివ్వరండీ, వచ్చి తప్పు తనదేనంటారు. మీరు మాత్రం నమ్మకండి’ అన్నాడు.”