గోధుమరంగు వలయం

“క్లాసు క్లాసంతా క్లోరైడని రాశారేంట్రా? కళ్లెక్కడ పెట్టుకున్నారు?” కెమిస్ట్రీ మాస్టారు ల్యాబు బల్ల మీద చరిచారు. “సీసాల్లో ఉన్న లవణం నైట్రేట్. కనిపెట్టింది ఒక్కతే!”

ఆ ఒక్కతీ ఆయన కూతురే. బళ్లో మాత్రం తండ్రిని ‘సార్’ అనే పిలవాలని ఇంట్లో కట్టడి.

“నైట్రేట్ ఉంటే గోధుమరంగు వలయం వస్తుంది. స్పష్టంగా కనిపించిందని రాసింది చూడండి. లేమ్మా, వీళ్లకి చేసి చూపించు.”

“మీరే చేయండి సార్,” అంది ఆ పిల్ల తల దించుకుని.

“దానికి సిగ్గెందుకు?” మురిసిపోతూ ఆయనే పరీక్షనాళిక అందుకున్నారు. లవణ ద్రావణంలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, నాళిక అంచు వెంబడి మెల్లగా సల్ఫ్యూరికామ్లం జార్చారు. పిల్లలంతా మెడలు చాచారు.

వలయం రాలేదు. మళ్లీ చేశారు. అప్పుడూ రాలేదు.

“సార్,” గుమ్మంలో నిలబడి అటెండరు నసిగాడు. “నైట్రేట్ అయిపోయిందని పొద్దున క్లోరైడే నింపాను. మీకు చెప్పడం మర్చిపోయాను.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నిన్న రాత్రి ఇంట్లో తను ఫోనులో, “రేపు సీసాల్లో నైట్రేట్ నింపు” అని ఇదే అటెండరుకి చెబుతుంటే, పక్కగదిలో గట్టిగా చదువుతున్న గొంతు ఉన్నట్టుండి ఆగిపోవడం మాస్టారికి గుర్తొచ్చింది.

“రాని వలయం నీకెలా కనిపించిందమ్మా?”

“నాన్నా...” అంది ఆ పిల్ల.

“సార్ అను,” అన్నారాయన, నాళిక మీంచి చూపు తిప్పకుండా.