అరవై మూడు ఎర్ర టిక్కులు

"మేడం, సంచీ మాస్టారు మళ్ళీ వచ్చారు," అన్నాడు అటెండరు.

లెక్కల మేడం తలెత్తలేదు. పేరుకు లెక్కల మేడమే గానీ, మనుషుల్ని లెక్కచేయడం ఆవిడ ఉద్యోగంలో లేదు.

మూడేళ్ళకోసారి ఐదో తరగతి పిల్లలకు పరీక్ష పెట్టి, దేశంలో చదువు పెరిగిందో తరిగిందో తేల్చే ఆఫీసు అది. ముందు బడులన్నిటి పేర్లతో ఒక జాబితా రాస్తారు. అందులోంచి చీట్లు తీసినట్టు కొన్నిటిని తీసి పరీక్ష పెడతారు. ఈసారి సగటు ఏకంగా తొమ్మిది మార్కులు పెరిగింది. డైరెక్టరు అంతకన్నా ఎక్కువ పొంగిపోయి ఉన్నాడు. నివేదికకు రెండే రోజులు గడువు.

"పొమ్మను."

"మూడోసారండీ. మెట్లెక్కలేక ఆయాసపడుతున్నాడు పాపం."

ఈలోగా ముసలాయన వచ్చేశాడు. వెలిసిన చొక్కా, భుజాన గుడ్డసంచీ. అందులోంచి కాగితాల కట్ట తీశాడు.

"కొత్త లిస్టు మీ నోటీసు బోర్డులో చూశానమ్మా. పాతదాంట్లో ఉన్న స్కూళ్ళు ఇందులో లేవు. మా వైపే అరవై మూడు."

"లిస్టులో లేకపోతే పరీక్ష తప్పినట్టే కదా మాస్టారూ! అందరూ తప్పించమని వస్తారు. మీరేంటి, ఇరికించమని వచ్చారు?"

అటెండరు కిసుక్కున నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు.

"అవన్నీ కొండ మీదా, ఏటి అవతలా ఉన్న చిన్న స్కూళ్ళు తల్లీ. ఏడుగురో ఎనిమిది మందో పిల్లలు. వాళ్ళకి మార్కులు రావు. వాళ్ళని వదిలేసి మార్కులు పెరిగాయని రాస్తే, ఇక అవసరం లేదని అక్కడికిచ్చిన రెండో టీచర్ని తీసేస్తారు. మిగిలిన ఒక్కడూ ఐదు తరగతులకీ ఏం చెబుతాడు?"

"ఇంతకీ అందులో మీ స్కూలేది?"

ఆయన తడబడ్డాడు. "అన్నీనమ్మా."

"అబ్బో, అన్నీ మీవే! ఇది కంప్యూటరిచ్చిన లిస్టు మాస్టారూ. దానికి తెలియని స్కూలుండదు. ఆ కాగితాలు అక్కడ పెట్టి వెళ్ళండి, చూస్తాను."

"చూస్తారుగా?"

"చూస్తానన్నాగా!"

పట్టికలు పట్టుకుని వేలాడేవాళ్ళకు పట్టించుకునే తీరిక ఎక్కడిది? కట్ట బీరువా పైకెక్కింది.

నివేదిక వెలువడింది. చప్పట్లు మోగాయి. నెల తిరక్కుండానే 'చదువు పెరిగినందున' అంటూ రెండో టీచర్లను వెనక్కి పిలిచారు.

ఆ ఉత్తర్వు నకలు మేడం బల్ల మీదికీ వచ్చింది. కింద బడుల పేర్లున్నాయి.

ఊరికే ఒక పేరు కంప్యూటరులో వెతికింది. లేదు.

రెండోది. లేదు.

పదోదీ లేదు.

జాబితాలోనే లేని బడిలో చదువు పెరిగిందని తానెలా రాసింది?

బీరువా మీది కట్ట దింపింది. పాత జాబితా అది. పేర్ల పక్కన ఎర్ర టిక్కులు, వంకర అక్షరాలు. 'ఉంది. ఏడుగురు. వంతెన దాటాలి.' 'ఉంది. తొమ్మిది మంది. కప్పు సగమే.' అరవై మూడుసార్లు 'ఉంది'.

అప్పుడర్థమైంది. పదిమందిలోపు పిల్లలున్న బడులను ఈసారి కంప్యూటరు వదిలేసింది. వదిలేయమని దానికి ఎవరో చెప్పారు, ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. ఆవిడ రెండుసార్ల మార్కులనూ పోల్చింది గానీ, రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

డైరెక్టరు గదికి పరుగెత్తింది.

"ఇప్పుడు తప్పంటే మన పరువేం కాను?" అన్నాడాయన. "అయినా అలాంటివి పేరుకే స్కూళ్ళు. పిల్లలు నిజంగా వస్తారని కళ్ళారా చూసినవాళ్ళెవరు? ఉంటే పిలిపించు, అప్పుడు ఆలోచిద్దాం."

కట్ట చివర ఫోన్ నంబరుంది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. మేడం తానెవరో చెప్పుకుంది.

"నాన్న పోయి పద్దెనిమిది రోజులైందండీ," అంది ఆమె. "మీరు ఫోన్ చేస్తారని చివరిదాకా దీన్ని తలగడ పక్కనే పెట్టుకున్నారు."

మేడం కట్టను దగ్గరికి లాక్కుంది.

"మాస్టారు... ఏ స్కూల్లో చేశారమ్మా?"

"మాస్టారేంటండీ! నాన్న ఒక్కరోజు కూడా బళ్ళో కూర్చోలేదు. పాత లిస్టు రాయడానికొచ్చిన మీ ఆఫీసువాళ్ళని ఊరూరా తిప్పిన జీపు డ్రైవరు. వాళ్ళు లోపల పిల్లల్ని లెక్కపెడుతుంటే, ఈయన బయట నిలబడి, ఆ స్కూళ్ళ బోర్డులు చూసి చూసి చదవడం నేర్చుకున్నారు."